తునకలు కడిగిన నీళ్ళు

మా దొడ్డిలో పందులు చచ్చిపోయినప్పుడు నేను ఏడవలేదు. ఏడుపు రావాలంటే జరిగింది ఏమిటో ముందు మనిషికి ఎక్కాలి. నాకు ఎక్కలేదు. పొద్దున తొట్టి నాకి నాకి తళతళలాడించిన జీవం సాయంత్రానికి గోడ పక్కన ఒరిగిపోయి, చెవులు వంకాయ రంగుకు తిరిగి కనిపిస్తే, ఆ చెవుల వైపే చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డాను. పుట్టిన నాటి నుంచి పందుల మధ్య బతికినదాన్ని. పందికి అలాంటి చెవులు ఎన్నడూ చూడలేదు.

మేం ఎరుకల వాళ్ళం. నేను కాపురానికి వచ్చిన కాలంలో పంది అంటే నల్లపంది. దానికి గోడ లేదు, తొట్టి లేదు. పొద్దున వదిలితే మురికికాలువలన్నీ తిరిగి, సాయంత్రం పిలిస్తే ఇంటికి వచ్చేది. ఊరివాళ్ళు మమ్మల్ని కూడా ఆ కాలువలోంచి వచ్చిన వాళ్ళలాగే చూసేవాళ్ళు. హోటల్లో మా గ్లాసులు బయట చూరుకు వేలాడేవి. పంది మాంసం తినేవాళ్ళు మాలో ఎంతమందో, మా దగ్గర చాటుగా కొనుక్కుపోయి తినేవాళ్ళు ఊళ్ళో అంతకంటే ఎక్కువమంది. ఈ మాట రాయడానికే అక్షరాలు నేర్చుకున్నానేమో అనిపిస్తుంది నాకు. జుట్టు తెల్లబడ్డాక, సంఘం మీటింగుల్లో వేలిముద్ర వేయడానికి సిగ్గేసి నేర్చుకున్నాను. నా రాత ఇప్పటికీ బండగానే ఉంటుంది. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

తర్వాత ఊళ్ళ చుట్టూ ఇళ్ళు లేచాయి. కాలువల మీద మూతలు పడ్డాయి. పందుల్ని వదిలితే పట్టుకుపోతామని మున్సిపాలిటీ మనుషులు వచ్చారు. పట్టుకుపోయారు కూడా. నా కొడుకు, కోడలు మేడ్చల్ అడ్డా మీద కూలికి నిలబడ్డారు. అడ్డా మీద మేస్త్రీ వచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు కిందికీ మీదికీ చూసి, ‘నువ్వు రా, నువ్వొద్దు’ అంటాడు. నా కొడుకును రమ్మని, కోడల్ని వద్దన్న రోజులున్నాయి. రమ్మన్న రోజు బౌరంపేట్‌లో గోడల వెనకాల గోడలు కట్టే చోట ఇసుక మోసి వచ్చేవాళ్ళు.

నా కోడలు పరాయిది కాదు. నా తమ్ముడి బిడ్డే. చిన్నప్పటి నుంచి మొండిది. ఎవరో పందుల పెంపకం నేర్పుతున్నారంటే అక్కడికి పోయి కూర్చుని వచ్చింది. వచ్చి, తెల్ల పందులు తెస్తానంది. వాటికి గోడలు కట్టాలట, గచ్చు వేయాలట, రోజూ కడగాలట.

మా తమ్ముడు గడప మీద కూర్చుని ఒకటే నవ్వు. “పందికి తానమా? ఇగ పౌడర్ గూడ కొడ్తవా బిడ్డా?”

“నువ్వు రోజు జేస్తలేవు గద నాయినా. గందుకే నవ్వొస్తాంది నీకు.”

“చూడక్కా, నీ కోడలు నోరు.”

“నా కోడలు కాకముందు అది నీ బిడ్డనే” అన్నాను నేను.

అలియాబాద్ అవతల మాకున్న తుకడా భూమిలో దొడ్డి లేచింది. ఒక ఆడపందితో మొదలుపెట్టింది. అది ఈనింది, పిల్లలు పెరిగాయి, అవి ఈనాయి. మా పాక పోయి స్లాబు ఇల్లు వచ్చింది. కోడలు మళ్ళీ అడ్డా మీద నిలబడలేదు. ఒకసారి మేడ్చల్‌కు పోతూ, ఆటోలోంచి ఆ అడ్డా కనిపిస్తే మొహం తిప్పేసుకుంది. నేను చూశాను. ఆ దొడ్డి ఆమెకు ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది. అది పోతే ఆమె మళ్ళీ అక్కడే నిలబడాలి, మేస్త్రీ కళ్ళ ముందు.

మేత సంగతి చెప్పాలి. నా కొడుకు ట్రాలీ ఆటో వేసుకుని సుచిత్ర దగ్గర హోటళ్ళకు, శామీర్‌పేట్ రోడ్డు మీద ఫంక్షన్ హాళ్ళకు పోయి, మిగిలిన అన్నం నీలం డ్రమ్ముల్లో తెస్తాడు. ఒక పెళ్ళిలో ఎంత పారేస్తారో పెళ్ళివాళ్ళకు తెలియదు, మా పందులకు తెలుసు. అందులోంచి ప్లాస్టిక్ చెంచాలు, పుల్లలు ఏరి, పెద్ద కాగులో పోసి, కుతకుత ఉడికించి, చల్లార్చి కుడితి డ్రమ్ముకు ఎత్తుతాం. ఉడికించాలన్నది కోడలు పెట్టిన రూలు. పెళ్ళి కూడు వేడి చేసి పందులకు పెట్టడమేమిటని మొదట్లో నేను గునిసేదాన్ని. ‘ఉడకనిది తొట్టిల పడొద్దత్తా’ అనేది. వందసార్లు అని ఉంటుంది. పడలేదు. తొట్టిలో పడే దారి మరొకటి ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట పందిని కోసినా, దగ్గర చుట్టాల ఇళ్ళకు పోగు పోవాలి. పోగు అంటే వాటా. కోసినవాడు అన్ని రకాల తునకలూ కలిపి కుప్పలు పెడతాడు, ఇంటికొక కుప్ప. వెనకట మోదుగాకులో కట్టుకుని తెచ్చేవాళ్ళు, ఇప్పుడు నల్ల కవర్లో తెస్తున్నారు. పోగు పంపకపోతే చుట్టరికం తెగినట్టు. వచ్చిన పోగును వద్దంటే అంతకంటే పెద్ద తప్పు. కొట్టుకున్న అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసి కూడా పోగు మాత్రం పంపుకున్నారు. గుమ్మంలో పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

మా తమ్ముడు మేడ్చల్ అవతల ఉంటాడు. వాడి పందులు ఇంకా నల్లవే, ఇంకా కట్టడి లేకుండా తిరిగేవే. ఒక పొద్దున నల్ల కవరు పట్టుకుని వచ్చాడు.

“పోగు తెచ్చిన అక్కా. మస్తు మెత్తగున్నది, నీ పండ్లకు సరిపోతది.”

“పండ్లెక్కడియి నాకు?”

“గందుకే మెత్తటియి ఏరి తెచ్చిన.”

కడిగి వండుకున్నాం. బాగుంది. తమ్ముడు కూడా కూర్చుని తిన్నాడు. తునకలు కడిగిన నీళ్ళు ఎవరు పారబోశారో నాకు జ్ఞాపకం లేదు, కోడలికీ లేదు, కొడుకుకూ లేదు. ముగ్గురం అడుక్కోలేదు కూడా. ఎందుకంటే మా ఇంట్లో బియ్యం కడిగినా, గిన్నె కడిగినా, మాంసం కడిగినా ఆ నీళ్ళు కుడితి డ్రమ్ములోకే పోతాయి. అది మనిషి ఆలోచించి చేసే పని కాదు. చెయ్యి దానంతట అది అటు తిరుగుతుంది. కుడితి అప్పటికే ఉడికి, చల్లారి, సాయంత్రం మేతకు తయారుగా ఉంది. నీళ్ళు దాని మీద పడ్డాయి.

కొన్నాళ్ళకు పెద్ద మొగపంది తొట్టి దగ్గరికి రాలేదు. పంది తిండికి రాకపోవడమంటే సూర్యుడు లేవకపోవడం లాంటిది. కోడలు చెవి పట్టుకుని చూసి, “కాలిపోతాందత్తా” అంది. తెల్లారి దాని పక్కది పడింది. తర్వాత దాని పక్కది. అప్పుడే చూశాను ఆ చెవుల్ని. పొట్ట కింద చర్మం కూడా కమిలినట్టు నల్లగా, ఎర్రగా. నేను కషాయం కాచాను. మా అత్తగారు చెప్పిన ఆకులన్నీ నూరాను. పందులు నా చేతిలో ఆకు ముద్ద అలాగే ఉండగా చచ్చాయి.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. చిన్న పిల్ల. కాళ్ళకు తొడుగులు తొడుక్కుని లోపలికి వెళ్ళి, రక్తం తీసుకుంది. బయటికొచ్చి మందు నీళ్ళతో కాళ్ళు, చేతులు కడుక్కుని అడిగింది: “అమ్మా, బయటి నుంచి పంది మాంసం ఏమైనా ఇంట్లోకి వచ్చిందా?”

“మా తమ్ముడు పోగు తెచ్చిండు. అది మేం తిన్నం, పందులు తినలే” అన్నాను నేను గట్టిగా.

“కడిగిన నీళ్ళు ఎక్కడ పోశారు?”

కోడలు తల తిప్పి కుడితి డ్రమ్ము వైపు చూసింది. నేనూ చూశాను. అంతే. ఇన్నేళ్ళుగా ఆ డ్రమ్ము నుంచే మా ఇల్లు లేచింది. అదే డ్రమ్ము.

మర్నాడో మూడోనాడో డాక్టరమ్మ మళ్ళీ వచ్చి, ఇది పందుల జ్వరమని, మనుషులకు అంటదని, పందికి వస్తే మాత్రం మందు లేదని చెప్పింది. చెప్పి, నేల చూస్తూ ఇంకో మాట అంది. దొడ్డిలో ఉన్న వాటన్నింటినీ తీసేయాలి.

“అన్నింటిని అంటే?” అన్నాను.

“బాగున్నవాటిని కూడా అమ్మా.”

“నీకేమన్న మతి పోయిందా? బాగున్నదాన్ని సంపుతరా ఎవలన్న? నువ్వు డాక్టర్‌వా, కసాయిదానివా?”

ఆ పిల్ల కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది. “ఈరోజు బాగున్నది రేపు బాగుండదు. అది పోయేలోపు ఇంకో ఊరికి అంటిస్తుంది” అంది. మాంసం ముక్క కూడా బయటికి పోకూడదని కోడలికి పదే పదే చెప్పి వెళ్ళింది.

ఆమె బండి మలుపు తిరగకముందే మా తమ్ముడు దిగాడు. వెంట మావాళ్ళు కొందరు, గోనెసంచిలో కత్తులు.

“అక్కా, మంచిగున్నయి ఎన్నున్నయి ఇంక? జల్దీ కోద్దాం. సచ్చేదాంక సూసుకుంట కూసుండుడేంది?”

“డాక్టరమ్మ కోయొద్దన్నదిరా.”

“ఆమె తింటదా పంది? తిననోళ్ళ మాట వట్టుకొని నువ్వు మట్టిల పెడ్తవా?”

నిజం చెప్పాలంటే నాకూ అదే సరైన మాట అనిపించింది. పందిని కోసుకోకుండా మట్టిలో కలిపినవాళ్ళను మా కులంలో నేను చూడలేదు. చావబోతుందనుకుంటే చావకముందే కోస్తాం. చచ్చింది మట్టికి పోతుంది, కోసింది మనుషులకు పోతుంది. పోగులు పంచుకుంటే, ఒక ఇంటి నష్టం అందరి ఇళ్ళలో కూరవుతుంది. అది మా పెద్దల తెలివి.

కోడలు గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

“నాయినా, నువ్వు మొన్న తెచ్చిన తునకలు ఏ పందియి?”

“మన పందియే.”

“మంచిగుండెనా అది?”

తమ్ముడు తల గోక్కున్నాడు. “జర తిండి మానేసింది. ఇగ సస్తదేమోనని కోసిన. ఎన్నడు గట్ల జేయలేదా మనం? మీ తాత జేసిండు, ఆయన నాయిన జేసిండు. తిన్నోళ్ళకు ఎవలికన్న కడుపునొప్పి లేసిందా?”

“నాకు లేవలేదు నాయినా. నా పందులకు లేసింది.”

వాడికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి మొహంలో రంగు పోయింది. నా తమ్ముణ్ణి వాడు పాకే రోజుల నుంచి ఎరుగుదును. అలా ఎన్నడూ చూడలేదు.

“నీ దగ్గర ఎన్ని మిగిలినయి?” అని అడిగింది కోడలు.

“ఏం మిగలలే” అన్నాడు చెప్పుల వైపు చూస్తూ. “అన్ని గట్లనే వోయినయి. గందుకే ఉరికొచ్చిన బిడ్డా. నీ పందులన్న దక్కుతయేమోనని.”

చంపింది వాడే, కాపాడడానికి వచ్చింది కూడా వాడే. ఒకే మనిషి, అవే చేతులు.

కోడలు గేటుకు గొళ్ళెం పెట్టింది, లోపలి వైపు నుంచి. “ఒక్క తునక బయటికి పోదు. మీ కత్తులు, చెప్పులు గూడ ఈ మందు నీళ్ళల్ల ముంచి తీస్కపోండ్రి.”

“కన్న తండ్రిని గేటు అవుతల నిలవెడ్తవానే?”

“నిలవెడ్త.”

మావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తండ్రితో ఆడబిడ్డ అలా మాట్లాడడం వాళ్ళు వినలేదు. నేనూ వినలేదు. అత్తను కదా, కసురుకోవాల్సింది నేనే. కసురుకోలేదు. తమ్ముడు చెప్పులు విడిచి, మందు నీళ్ళ బకెట్లో ముంచి, తడి చెప్పులతోనే చప్పుడు చేస్తూ నడిచి వెళ్ళిపోయాడు.

గుంత తవ్వాలి. ఈ మాట వినగానే జేసీబీ వాళ్ళందరికీ పనులు గుర్తొచ్చాయి. మా కంచె పక్కన కూరగాయలు పండించే ముస్లిం అతను ఉన్నాడు. అతనికీ ఒక జేసీబీ ఉంది. ఎన్నో ఏళ్ళ పొరుగు. పాడైపోయిన గోబీ ఆకు కంచె మీదుగా మా వైపు విసిరేవాడు, కంచె దాటి మాత్రం ఒక్కనాడూ రాలేదు. మేమూ రమ్మనలేదు. ఎవరి పద్ధతి వాళ్ళది. నా కొడుకు పోయి కంచె దగ్గర నిలబడ్డాడు, ఏమీ అడగకుండా.

“మాలూమైంది” అన్నాడతను. “పరేషాన్ గాకు భాయ్. బండి తెస్త. నేను మాత్రం కిందికి దిగ. బండి చెయ్యి ఒక్కటే దిగుతది.”

అన్నట్టే దిగలేదు. కాబిన్లో ముక్కుకు రుమాలు కట్టుకుని, భూమిలో లోతుగా గుంత తీశాడు. ఇంకా లోతు కావాలా అని పైనుంచి అరిచి అడిగి మరీ తీశాడు. తర్వాత తన బండిని తన బోరు దగ్గర పొద్దుగూకేదాకా కడుక్కున్నాడు. ఆ రెండూ నాకు మర్యాదగానే తోచాయి.

జబ్బు పడ్డవాటి గురించి రాయను. ఒక్కదాని గురించే రాస్తాను. మొదట తెచ్చిన తల్లిపంది వేరే గదిలో ఉండేది. నిండు చూలు. జబ్బు దాన్ని ముట్టలేదు. తింటోంది, నడుస్తోంది, గోడకు ఒళ్ళు రుద్దుకుంటోంది. నేను డాక్టరమ్మ చేతులు పట్టుకున్నాను.

“దీన్ని ఇడిసిపెట్టు బిడ్డా. దీనికేం గాలే.”

“అమ్మా, నేను వదిలేస్తే మీ ఊరి పందులకు ఎవరు జవాబు చెప్తారు?” అంది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

డాక్టరమ్మ వెంట వచ్చిన మనిషి తాడు తీశాడు. కోడలు వద్దంది. కొంగులోంచి బెల్లం ముక్క తీసి, రోజూ పిలిచినట్టే పిలిచింది. “దా... దా... దా...” తల్లిపంది చెవులు ఊపుకుంటూ, పొట్ట ఊపుకుంటూ వచ్చి ఆమె అరచేతిలో మూతి పెట్టింది. బెల్లం నములుతూ ఉండగానే సూది పడింది. కాళ్ళు మడిచి నిద్రకు ఒరిగినట్టు ఒరిగింది. కోడలి అరచేయి బెల్లం జిగురుతో అలాగే చాచి ఉంది. ఎంతసేపు చాచి ఉంచిందో. నేనే పోయి ఆ చేతిని మూశాను.

సున్నం పడింది, మట్టి పడింది. దొడ్డి చప్పుడు ఆగిపోయింది. పందుల అరుపు ఊరివాళ్ళకు రోత. నాకు ఆ నిశ్శబ్దంలో చెవులు పగిలాయి.

కోడలు మళ్ళీ అడ్డా మీద నిలబడింది. ఆ ఎండాకాలమంతా, వానాకాలమంతా నిలబడింది. దొడ్డి సంపాదనతో లేచిన స్లాబు ఇంట్లోంచే టిఫిన్ డబ్బా పట్టుకుని పోయేది. ఒక్క మాట అనలేదు, నన్నూ, తండ్రినీ. అంటే బాగుండేది. దొడ్డి మాత్రం వదల్లేదు. కూలి నుంచి వచ్చి గచ్చు గీకేది, కడిగేది, సున్నం కొట్టేది. ఖాళీ దొడ్డిని కడుగుతున్న మనిషిని చూసి రోడ్డున పోయేవాళ్ళు పిచ్చిదనుకున్నారు.

డాక్టరమ్మ సరేనన్నాక కోడలు రెండే పంది పిల్లల్ని తెచ్చింది. అవి బతికితే దొడ్డి మంచిదైనట్టు. బతకకపోతే ఇగ లేదు. ఇద్దరం రోజూ పొద్దున లేచి ముందు వాటి చెవులే చూసేవాళ్ళం. చెవులు తెల్లగా ఉన్నాయా? ఉన్నాయి. అయితే చాయ్ పెట్టుకుందాం. అలా గడిచింది.

గేటుకు రేకు ముక్క కట్టి, దాని మీద నేనే రాశాను. ‘లోపలికి రావద్దు. మాంసం తేవద్దు.’ కోడలు పంటి బిగువున నవ్వు ఆపుకుని, ‘ద్దు’లు వంకరగా ఉన్నాయంది. చాలా నెలల తర్వాత దాని మొహంలో నవ్వు.

రెండు పందులూ ఏపుగా ఎదిగిన రోజుల్లో తమ్ముడు వచ్చాడు. చేతిలో నల్ల కవరు. వాళ్ళింటి పక్కన ఎవరిదో పెళ్ళి, ఆరోగ్యంగా ఉన్న పందినే కోశారట. ఆ మాట మూడుసార్లు చెప్పాడు. గేటు దగ్గర ఆగి రేకు వైపు చూశాడు. వాడికి చదువు రాదు.

“ఏం రాసినవక్కా?”

ఒక్కొక్క అక్షరం రాసేటప్పుడు కూడా, వాడికి చెప్పేటప్పుడు అయినంత కష్టం కాలేదు నాకు. “నువ్వు రావద్దని రాసిన తమ్మీ.”

“నన్నా?”

“నిన్ను గాదు. నీ చేతిల దాన్ని.”

వాడు కవరు వైపు చూసుకున్నాడు. వెనక్కి తీసుకుపోతే చుట్టరికం తెగుతుంది. లోపలికి తెస్తే దొడ్డి పోతుంది. ముసలాడు ఎండలో అలాగే నిలబడ్డాడు. లోపలి నుంచి కోడలు వచ్చింది. గేటు తీయలేదు. గోడ మీదుగా ఒక గిన్నె, ఉప్పు, కారం, అగ్గిపెట్టె అందించింది.

“రోడ్డు అవుతల పొయ్యి వెట్టు నాయినా. అందరం ఆడనే తిందాం. తిన్నంక తానం జేసి లోపటికొస్తం.”

“రోడ్డు మీద తినుడేందే? చూసేటోళ్ళు నవ్వరా?”

“నవ్వనీ. పందికి తానం జేపిస్తే నువ్వు నవ్వలేదా?”

రోడ్డు అవతల మూడు రాళ్ళు పెట్టాడు. నేను పుల్లలు ఏరాను. నా కొడుకు నీళ్ళు తెచ్చాడు. తమ్ముడు కూర్చుని తునకలు కడిగి గిన్నెలో వేశాడు. పొయ్యి మీద ఎక్కించాడు. కడిగిన నీళ్ళు ఇనుప తట్టలో మిగిలాయి, ఎర్రగా. వాడు లేచి, తట్ట రెండు చేతులతో పట్టుకుని, మాతో ఏదో మాట్లాడుతూనే రోడ్డు దాటి దొడ్డి వైపు నడిచాడు.

నేను ఎలా అరిచానో నాకు తెలియదు. కంచె అవతల ముస్లిం అతను చేతిలో పారతోనే కంచె దాకా పరుగెత్తి వచ్చాడు. కోడలు లోపలి నుంచే గేటుకు అడ్డంగా చేతులు చాచింది. తమ్ముడు గేటుకు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. తట్ట వైపు చూశాడు, తన కాళ్ళ వైపు చూశాడు, అవి అక్కడి దాకా ఎలా వచ్చాయో తెలియనట్టు. నీళ్ళు తొణికి వాడి వేళ్ళ మీద పడుతున్నాయి.

“మరి ఏడ పొయ్యాలె అక్కా?” అన్నాడు.

మా ఇళ్ళలో కడిగిన నీళ్ళకు ఇంకో చోటు ఎన్నడూ లేదు. ముస్లిం అతను కంచె మీదుగా తన పార అందించాడు. కోడలు దాన్ని తీసుకుని, గేటు తెరుచుకుని బయటికి వచ్చి, తండ్రిని భుజం పట్టి వెనక్కి తిప్పి, రోడ్డు అవతలికి నడిపించుకుపోయి గుంత తవ్వడం మొదలుపెట్టింది.